అంగిలి పుండు, అంకె, అడవి సరిహద్దు

వైద్య గణాంకాల్లో ఒక కేన్సరు కేసు లెక్కకు రావాలంటే మూడు సంగతులు కాగితం మీద పడాలి: పుండు శరీరంలో సరిగ్గా ఎక్కడ పుట్టింది, సూక్ష్మదర్శిని కింద అది ఏ రకం కణాలతో కనిపించింది, ఆ రోగి ఏ ఊరి మనిషి. మొదటి రెండింటికీ ప్రపంచమంతా ఒప్పుకున్న సంకేతాలు, అంటే కోడ్‌లు, ఉన్నాయి. మూడోదానికి జనగణన శాఖ ఇచ్చే జిల్లా, మండలం, గ్రామం సంఖ్యలు ఉన్నాయి. రోగం ఎందుకు వచ్చిందన్న నాలుగో సంగతికి మాత్రం ఈ అంకెల్లో చోటు చాలా తక్కువ. తెలుగు నేలకు ప్రపంచ వైద్య సాహిత్యంలో పేరు తెచ్చిన గట్టి అంగిలి కేన్సరు చరిత్రను ఈ నాలుగు సంగతుల వెంబడి చూస్తే, సముద్రతీరపు పల్లెల్లో కారణం ముందు దొరికి అంకె చాలా ఆలస్యంగా వచ్చిందనీ, ఖమ్మం–భద్రాచలం అడవి సరిహద్దులో అంకె సిద్ధమయ్యేసరికి ఊరి చిరునామాయే చేతులు మారుతూ పోయిందనీ తెలుస్తుంది.

అంగిలి నోటికి పైకప్పు. దానిలో ముందరి భాగం ఎముక మీద పొర పరుచుకున్న గట్టి అంగిలి. వెనకటిది కండరాలతో కదిలే మెత్తని అంగిలి, దాని కొసన వేలాడేది కొండనాలుక. పాశ్చాత్య దేశాల్లో నోటి కేన్సరు ఎక్కువగా నాలుక అంచున, నోటి అడుగున పుడుతుంది. భారతదేశంలో పొగాకునూ వక్కనూ సున్నంతో కలిపి దవడన పెట్టుకునే అలవాటు వల్ల బుగ్గ లోపలి పొర, దాని పక్కనున్న చిగురు దానికి ముఖ్య స్థానాలయ్యాయి. గట్టి అంగిలి మీద అది అరుదు. అక్కడ కనిపించే ప్రాణాంతకమైన గడ్డల్లో కూడా చెప్పుకోదగిన వాటా పై పొర నుంచి పుట్టినది కాదు, ఆ పొర కింద చెదిరి ఉండే చిన్న లాలాజల గ్రంథుల నుంచి పుట్టినది. శ్రీకాకుళం, విశాఖపట్నం తీరంలో ఈ లెక్క తలకిందులై, అంగిలి పై పొర కేన్సరు ఆసుపత్రి వార్డుల్లో మామూలుగా కనిపించే జబ్బయింది. దానికి కారణం అడ్డపొగ.

అడ్డపొగ అంటే చుట్ట వెలిగించి, కాలే కొసను నోటి లోపలికి పెట్టుకుని, పెదవులు బిగించి తాగడం. నిప్పు కొస అంగిలికి అతి దగ్గరగా ఉంటుంది. పొగతో పాటు వేడి కూడా సూటిగా ఆ పొర మీదికే పోతుంది. బూడిదను కొందరు ఉమ్మేస్తారు, కొందరు మింగేస్తారు. పెదవుల మధ్య చెమ్మగా ఉండే చుట్ట నెమ్మదిగా కాలి చాలాసేపు వస్తుంది, చేతులు పనికి ఖాళీగా ఉంటాయి. పడవ మీద గాలికి నిప్పు ఆరిపోకుండా జాలరులు, తడిచేతులతో పనిచేసే చాకలివారు దీన్ని మరిగారని, ఒళ్ళో బిడ్డ మీద నిప్పు రవ్వ పడకుండా తల్లులు మరిగారని, పెద్దల ముందు పొగ కనబడకుండా కోడళ్ళు మరిగారని రకరకాలుగా చెబుతారు. వీటిలో ఏది మొదటిదో తేల్చడం కష్టం, కానీ ఈ అలవాటు మగవాళ్ళ కంటే ఆడవాళ్ళలో, అందులోనూ నడివయసు దాటినవాళ్ళలో బలంగా పాతుకుపోయిందన్నది క్షేత్ర పరిశోధనలన్నీ చూపిన సంగతి. ఇది తెలుగువాళ్ళ సొంతం అనుకుంటే పొరపాటు. ఇటలీకి చెందిన సార్డీనియా దీవిలో, పనామా, కొలంబియా, వెనిజులా దేశాల్లో, ఫిలిప్పీన్స్ దీవుల్లో కూడా నిప్పు లోపల పెట్టుకుని తాగేవాళ్ళున్నారు. అయితే దీనిని ఇంత పెద్ద జనాభా మీద, ఇన్నేళ్ళ పాటు, ఇంత వివరంగా పరిశీలించిన చోటు మాత్రం ఆంధ్ర తీరమే.

ఆ పరిశీలనకు పునాది వేసినది 1923లో మొదలైన విశాఖపట్నం వైద్య కళాశాల, తర్వాతి పేరుతో ఆంధ్ర వైద్య కళాశాల. 1937లో ఎం.జి. కిని, కె.వి. సుబ్బారావు ఇండియన్ మెడికల్ గెజిట్‌లో కేన్సరు సమస్యపై ప్రచురించిన వ్యాసం, అంగిలి కేన్సరుకూ లోపలి నిప్పుకూ ఉన్న సంబంధాన్ని చెప్పిన తొలి రచనల్లో ఒకటి. 1945లో బొంబాయి టాటా మెమోరియల్ ఆసుపత్రి నుంచి వి.ఆర్. ఖనోల్కర్, సూర్యాబాయి అమెరికా పత్రిక ఒకదానిలో అలవాట్ల వల్ల వచ్చే కేన్సర్లపై రాస్తూ భారతదేశంలో కొత్తగా గుర్తించిన మూడు రకాలను వర్ణించారు: నడుము దగ్గర పంచె ముడి ఒరుసుకునే చోట వచ్చేది, పెదవి వెనక ఖైనీ పెట్టుకునే చోట వచ్చేది, అడ్డచుట్ట వల్ల అంగిలి మీద వచ్చేది. కాశ్మీరులో చలికి పొట్టకు ఆనించుకునే కాంగ్రీ కుంపటి వల్ల వచ్చే చర్మ కేన్సరును 19వ శతాబ్దంలోనే వర్ణించి ఉన్నారు గనుక, రోగాన్ని అలవాటు పేరుతో పిలిచే సంప్రదాయం అప్పటికే ఉంది. 1957లో డి.జి. రెడ్డి, వి.కె. రావు తమ వ్యాసం శీర్షికలోనే కాలే కొసను నోట్లో పెట్టుకుని చుట్ట తాగడం వల్ల కోస్తాంధ్రలో వచ్చే అంగిలి కేన్సరు అని కారణం మొత్తాన్ని చెప్పేశారు. 1974లో సి.ఆర్.ఆర్.ఎం. రెడ్డి ఇదే సంబంధాన్ని అమెరికా జాతీయ కేన్సరు సంస్థ పత్రికలో చర్చించారు. ఈ వైద్యులు రాసిన వాక్యాల్లో స్థలం, అలవాటు, రోగం ఒకదానితో ఒకటి ముడిపడే ఉన్నాయి. కోడ్ వచ్చి ఆ ముడి విప్పింది.

కోడ్ చరిత్ర వేరే దారిలో నడిచింది. మరణ కారణాలను దేశాలన్నీ ఒకే వరసలో లెక్కపెట్టాలన్న ఆలోచనతో 1893లో షికాగోలో జరిగిన అంతర్జాతీయ గణాంక సంస్థ సమావేశంలో ఫ్రెంచి గణాంకవేత్త జాక్ బెర్తియోఁ ఒక జాబితాను ఆమోదింపజేశాడు. దాన్ని సుమారు పదేళ్ళకొకసారి సవరిస్తూ వచ్చారు. 1948లో ఆరో సవరణతో అది ప్రపంచ ఆరోగ్య సంస్థ చేతికి వచ్చి, చావులనే కాక జబ్బులను కూడా లెక్కించే వర్గీకరణ అయింది. దీనినే ఐసీడీ అంటారు, అంటే వ్యాధుల అంతర్జాతీయ వర్గీకరణ. ఆరు, ఏడు సవరణల్లో పెదవికి 140, నాలుకకు 141, లాలాజల గ్రంథులకు 142, నోటి అడుగుకు 143 ఉండగా అంగిలికి సొంత మూడంకెల సంఖ్య లేదు. నోటిలోని ఇతర భాగాలు అనే 144లో అది బుగ్గతో, చిగురుతో కలిసిపోయింది. యూరప్, అమెరికాల ఆసుపత్రుల్లో ఏది తరచుగా కనబడుతుందో దానికి సొంత అంకె దొరికి, విశాఖపట్నం వార్డులో తరచుగా కనబడేది ఇతరాల్లో పడింది. ఇందులో దురుద్దేశం లేదు; వర్గీకరణ చేసేవాళ్ళు తమ ముందున్న కేసుల కుప్పను బట్టి గళ్ళు గీస్తారు, ఆ కుప్ప ఎక్కడిదన్నదే ప్రశ్న. 1975 నాటి తొమ్మిదో సవరణలో గట్టి అంగిలికి 145.2 అనే ఉపసంఖ్య వచ్చింది. 1990 మే నెలలో ప్రపంచ ఆరోగ్య సభ ఆమోదించిన పదో సవరణలో గానీ అంగిలికి సి05 అనే సొంత వర్గం దక్కలేదు: సి05.0 గట్టి అంగిలి, సి05.1 మెత్తని అంగిలి, సి05.2 కొండనాలుక, సి05.9 అంగిలిలో ఏ భాగమో చెప్పనిది. కిని, సుబ్బారావుల వ్యాసానికీ ఈ వర్గానికీ మధ్య యాభై ఏళ్ళకు పైగా గడిచాయి.

స్థలం ఒక్కటే చాలదని కేన్సరు వైద్యులకు తెలుసు గనుక 1976లో కేన్సర్ల కోసమే ప్రత్యేకంగా ఐసీడీ-ఓ అనే జోడు వర్గీకరణ వచ్చింది. దానిలో ప్రతి కేసుకు రెండు సంకేతాలుంటాయి: పుట్టిన చోటుకు ఒకటి, కణ స్వరూపానికి ఒకటి. స్వరూప సంకేతంలో నాలుగంకెలు కణ జాతిని చెబుతాయి, గీత తర్వాతి అంకె స్వభావాన్ని చెబుతుంది. అది 3 అయితే చొచ్చుకుపోయే కేన్సరు, 2 అయితే పుట్టిన పొర దాటనిది. అంగిలి మీద రెండు మూడు రకాల గడ్డలు పుడతాయి గనుక ఈ రెండో సంకేతం అక్కడ చాలా అవసరం. పై పొర కణాల నుంచి పుట్టే స్క్వేమస్ కణ కేన్సరుకు 8070/3. చిన్న లాలాజల గ్రంథుల నుంచి పుట్టే అడినాయిడ్ సిస్టిక్ కేన్సరుకు 8200/3. పదో సవరణలోని నియమం ప్రకారం చిన్న గ్రంథుల గడ్డలను అవి ఉన్న చోటును బట్టే వర్గీకరించాలి గనుక, రెండూ సి05.0 కిందికే వస్తాయి. ఒకటి చుట్టతో ముడిపడినది, రెండోదానికి చుట్టతో అలాంటి ముడి లేదు. స్థల సంకేతం మాత్రమే చూసి పట్టిక వేసినవాడికి ఈ రెండూ ఒకే రోగంలా కనిపిస్తాయి.

ఒక కేస్ షీట్ మీద ఇది ఎలా జరుగుతుందో దగ్గరగా చూడవచ్చు. ఓపీలో డాక్టరు హడావిడిగా ‘నోటి కేన్సరు’ అని రాస్తే, కోడ్ వేసే రికార్డు సిబ్బందికి సి06.9, అంటే నోటిలో ఎక్కడో తెలియనిది, అన్నది తప్ప మరో దారి లేదు. రాయనిది ఊహించే హక్కు వాళ్ళకు లేదు. ‘అంగిలి కేన్సరు’ అని రాస్తే సి05.9. ‘గట్టి అంగిలి, కుడి వైపు, మధ్యరేఖ దాటలేదు’ అని రాస్తేనే సి05.0. పై చిగురు మీద మొదలై అంగిలికి పాకినదైతే సి03.0, దవడ ఎముకలోని గాలి గదిలో, అంటే మాక్సిలరీ సైనస్‌లో పుట్టి అంగిలిని తొలుచుకుని కిందికి దిగినదైతే సి31.0. ఈ చివరి రెండూ నోరు తెరిచి చూస్తే అంగిలి పుండులాగే ఉంటాయి. ఎక్కడ మొదలైందన్నది తేల్చడానికి సీటీ స్కాన్ కావాలి, దాని ఫలితం కేస్ షీట్‌లో కలవాలి. బయాప్సీ, అంటే చిన్న ముక్క తీసి పరీక్షించడం, ఒక చోట జరిగి ఆపరేషన్ ఇంకో చోట జరిగితే కణ జాతి ఒక ఫైల్లో, స్థలం ఇంకో ఫైల్లో ఉండిపోతాయి. ఇక అనుమానం దశలో ప్రశ్నార్థకంతో రాసిన రోగ నామాన్ని కేన్సరుగా లెక్కించడానికి వీల్లేదు; అలాంటి కేసుకు డి37.0 వేయడం కూడా తప్పే, ఎందుకంటే అది పరీక్ష జరగని కేసు కోసం కాదు, పరీక్ష చేసిన పాథాలజిస్టు గడ్డ స్వభావం తేల్చలేకపోయిన కేసు కోసం పెట్టినది.

కేన్సరుకు ముందు దశలో తికమక ఇంకా ఎక్కువ. పైపు, చుట్ట మామూలుగా తాగేవాళ్ళ అంగిలి తెల్లబారి, మధ్యలో గ్రంథుల నోళ్ళు ఎర్రని చుక్కల్లా కనబడే మార్పు ఒకటుంది. అది కేన్సరుగా మారే అవకాశం చాలా తక్కువ, అలవాటు మానితే చాలావరకు తగ్గిపోతుంది. అడ్డపొగ తాగేవాళ్ళ అంగిలి మీద కూడా మొదట ఇలాంటి తెలుపే కనిపిస్తుంది, కానీ దాని పక్కన ఎర్రని మచ్చలు, పుండ్లు, రంగు పోయిన చోట్లు చేరతాయి, కేన్సరు ముప్పు నిజంగానే ఉంటుంది. 2005లో లండన్‌లో జరిగిన నిపుణుల సమావేశం కేన్సరుగా మారే అవకాశమున్న నోటి మార్పుల జాబితాలో అడ్డపొగ తాగేవారి అంగిలి మార్పులను విడిగా పేర్కొంది. పదో సవరణలో మాత్రం పొగతాగేవారి అంగిలి అనే పేరు తెల్లమచ్చలతో కలిసి కె13.2లోనే ఉంది, నిప్పు బయట ఉన్నవాడూ లోపల ఉన్న ఆవిడా ఆ అంకెలో ఒకటే.

ఈ విషయంలో అంకెలు చేయలేని పనిని ఇల్లిల్లూ తిరిగిన సర్వేలు చేశాయి. బొంబాయిలోని టాటా మౌలిక పరిశోధన సంస్థకు చెందిన దంత పరిశోధన విభాగం తరఫున ఫాలీ మెహతా బృందం కేరళలో ఎర్నాకుళం, ఆంధ్రలో శ్రీకాకుళం, గుజరాత్‌లో భావనగర్, అప్పటి బీహారులో సింగ్‌భూమ్, దర్భంగా జిల్లాల పల్లెల్లో 50,915 మందిని పరీక్షించి 1969లో ఫలితాలు ప్రకటించింది. డెన్మార్కుకు చెందిన జె.జె. పిండ్‌బోర్గ్‌తో కలిసి 1971లో ప్రచురించిన మరో వ్యాసం శ్రీకాకుళం జిల్లాలోని 10,169 మంది అంగిలి మార్పులకే కేటాయించినది. అందులో పరీక్షించినవారిలో 40 శాతానికి పైగా అడ్డపొగ తాగేవాళ్ళే. ఆ తర్వాత మూడు జిల్లాల్లో 36,000 మందికి పైగా పొగాకు వాడకందార్లకు మానమని నచ్చజెప్పి, ఏటేటా నోరు పరీక్షించిన అధ్యయనం ఫలితాలు 1986లో లాన్సెట్ పత్రికలో వచ్చాయి; ఆ మూడు జిల్లాల్లో శ్రీకాకుళం ఒకటి. ఈ బృందాలు వాడిన పత్రాల్లో చుట్ట ఏ వైపు నుంచి తాగుతారన్నది ఒక ప్రత్యేక ప్రశ్న. కొత్తగా నోరు చూసిన ప్రతి దంత వైద్యుడూ ఆ ప్రశ్న అడిగాడు గనుకనే ప్రపంచానికి జవాబు తెలిసింది.

గోదావరి వెంట ఎగువకు వస్తే పొగాకు మరో రూపంలో కనిపిస్తుంది. వరద తీశాక బయటపడే ఒండ్రు మేటల్లో మిరపతో పాటు పొగాకు వేయడం ఇక్కడి రైతులకు పాత అలవాటు. సిగరెట్లలో వాడే వర్జీనియా పొగాకు విషయంలో పొగాకు బోర్డు ఉత్తర తేలిక నేలలు అని పిలిచే ప్రాంతంలో రెండు గోదావరి జిల్లాల మెట్టతో పాటు పాత ఖమ్మం జిల్లా ఊళ్ళు కూడా ఉన్నాయి. అడవి వైపు నుంచి వచ్చేది తునికాకు. ఫిబ్రవరి, మార్చి నెలల్లో తునికి మొదళ్ళు కొడితే ఎండాకాలంలో లేత చివుళ్ళు వస్తాయి. ఏప్రిల్, మే నెలల్లో కోయ, కొండరెడ్డి కుటుంబాలు తెల్లవారకముందే అడవికి పోయి ఆకు కోసుకొచ్చి, 50 ఆకులకొక కట్ట కట్టి, కల్లంలో లెక్క అప్పజెప్పి ఎండబెడతాయి. వెయ్యి కట్టలు ఒక స్టాండర్డ్ బ్యాగు. 1971లో ఉమ్మడి రాష్ట్ర చట్టం ఈ వ్యాపారాన్ని ప్రభుత్వం అదుపులోకి తెచ్చింది. ఆకు బీడీలు చుట్టే నిజామాబాద్, కరీంనగర్ వైపు పోతుంది. పల్లెలో మిగిలిన ఆకులో పెరటి పొగాకు చుట్టి తాగుతారు. ఆకు విషయంలో ఇంత కచ్చితంగా నడిచిన లెక్క, దాన్ని తాగిన నోటి దగ్గరికి వచ్చేసరికి తెగిపోయింది.

తెగిపోవడానికి సగం కారణం సరిహద్దుల చరిత్ర. గోదావరి ఎడమగట్టున ఉన్న భద్రాచలం తాలూకాను నిజాం 1860లో బ్రిటిషువారికి అప్పగించాడు. అది మధ్య పరగణాల్లోని ఎగువ గోదావరి జిల్లాలో ఉండి, 1874లో మద్రాసు రాజధానిలోని గోదావరి జిల్లాకు మారింది. ఎగువనున్న నూగూరు, ఆల్బాక, చెర్ల 1909లో అలాగే వచ్చి చేరాయి. కుడిగట్టున ఖమ్మం ప్రాంతం నిజాం రాజ్యంలోని వరంగల్లు జిల్లాలో భాగం. అది 1953 అక్టోబరు 1న సొంత జిల్లా అయింది. 1959లో తూర్పు గోదావరి నుంచి భద్రాచలం, నూగూరు తాలూకాలు విడిపోయి ఖమ్మంలో కలిశాయి. అంటే 1874 నుంచి దాదాపు ఎనభై ఏళ్ళ పాటు నదికి ఒక గట్టున మద్రాసు దస్తరం, ఇంకో గట్టున హైదరాబాదు దస్తరం. మద్రాసు వైపు జనన మరణాల నమోదుకు 1899 నాటి చట్టం ఉన్నా, గ్రామాధికారి నింపే మరణ కారణాల పట్టికలో ఉన్న గళ్ళు కలరా, మశూచి, ప్లేగు, జ్వరాలు, విరేచనాలు, ఊపిరితిత్తుల జబ్బులు, గాయాలు వంటివే. నోటి పుండుతో చనిపోయిన మనిషికి ఇతర కారణాలు అనే గడి తప్ప వేరే చోటు లేదు. ఏజెన్సీ కింద విడిగా పాలన సాగిన కొండ పల్లెల్లో ఆ గడి దాకా వచ్చిన చావులు ఎన్నో చెప్పనక్కర్లేదు.

ఖనోల్కర్ వ్యాసం వచ్చిన 1945లోనే లండన్‌లో ఫ్యూరర్ హైమెండార్ఫ్ కొండరెడ్డులపై రాసిన గ్రంథం వెలువడింది. గోదావరి కనుమల్లోని పల్లెల పోడు సేద్యం, ఇంటి కట్టుబడి, పెళ్ళిళ్ళు, దినవారాలు ఆ పుస్తకంలో ఎంతో వివరంగా ఉన్నాయి. ఒకవైపు అలవాటు రోగం ఎలా అవుతుందో చూసిన పాథాలజిస్టు, ఇంకోవైపు అలవాట్లను ఒక్కొక్కటిగా రాసుకున్న మానవశాస్త్రవేత్త ఒకే ఏడాది రెండు ఖండాల్లో అచ్చయ్యారు. పాథాలజిస్టుకు ఆసుపత్రికి వచ్చిన మనిషే కనిపిస్తాడు, మానవశాస్త్రవేత్తకు పల్లెలో ఉన్న మనిషే కనిపిస్తాడు. ఈ రెండు చూపులనూ కలపగల పని జనాభా మొత్తాన్ని నమోదు చేసే రిజిస్ట్రీది, అది అప్పటికి దేశంలో పుట్టలేదు.

రిజిస్ట్రీ అంటే ఒక నిర్ణీత ప్రాంతంలో నివసించేవారికి వచ్చిన ప్రతి కేన్సరునూ, చికిత్స ఎక్కడ జరిగినా సరే, వెతికి నమోదు చేసే వ్యవస్థ. భారతదేశంలో మొదటిది 1963లో బొంబాయిలో మొదలైంది. 1981లో భారత వైద్య పరిశోధన మండలి జాతీయ కార్యక్రమాన్ని ప్రారంభించి బెంగళూరు, బొంబాయి, మద్రాసు నగరాల్లో జనాభా రిజిస్ట్రీలు నడిపింది. వాటి మూల సూత్రం నివాసం: కనీసం ఒక ఏడాదిగా ఆ ప్రాంతంలో ఉంటున్నవారే ఆ ప్రాంతపు లెక్కలోకి వస్తారు. తెలుగు ప్రాంతానికి ఇది చాలా ఆలస్యంగా, 2014 నుంచి హైదరాబాదు జిల్లా గణాంకాలతో వచ్చింది. 1955లో హైదరాబాదులో ఏర్పడిన ఎం.ఎన్.జె. కేన్సరు ఆసుపత్రికి భద్రాచలం నుంచి మూడు వందల కిలోమీటర్లకు పైగా ప్రయాణం చేసి వెళ్ళిన రోగి ఆ ఆసుపత్రి రికార్డులో ఉంటాడు; కానీ హైదరాబాదు జనాభా లెక్కలో ఉండడు, ఉండకూడదు కూడా, ఎందుకంటే అతని ఊరు అక్కడ లేదు. అతని ఊరును లెక్కించే రిజిస్ట్రీ లేదు గనుక అతని సి05.0 ఏ జనాభాతోనూ భాగించడానికి వీల్లేని అంకె. ఆసుపత్రి లెక్క ఎంతమంది వచ్చారో చెబుతుంది, ఎంతమందిలో ఎంతమందికి వచ్చిందో చెప్పలేదు. ఒక ప్రాంతంలో ఒక రోగం ఎక్కువని అనాలంటే కావలసింది ఆ రెండోది.

ఇదే సమయంలో ఆ ఊరు కూడా కదిలింది. 2014లో రాష్ట్ర విభజనతో పాటు పోలవరం ముంపు మండలాలైన కుక్కునూరు, వేలేరుపాడు, కూనవరం, చింతూరు, వరరామచంద్రపురం, బూర్గంపాడులో కొన్ని ఊళ్ళు, పట్టణం మినహా భద్రాచలం మండలం ఆంధ్రప్రదేశ్‌కు వెళ్ళాయి; భద్రాచలం పట్టణాన్ని ఆనుకునే ఉన్న ఎటపాక ఇంకో రాష్ట్రంలో పడింది. 2016 అక్టోబరు 11న తెలంగాణ వైపు భద్రాద్రి కొత్తగూడెం జిల్లా ఏర్పడింది. 2022 ఏప్రిల్‌లో ఆంధ్ర వైపు జిల్లాల పునర్విభజనలో కూనవరం, చింతూరు అల్లూరి సీతారామరాజు జిల్లాకు, కుక్కునూరు, వేలేరుపాడు ఏలూరు జిల్లాకు చేరాయి. కూనవరంలో 1950లో పుట్టి అక్కడే ఉన్న మనిషి ఇల్లు కదలకుండానే తూర్పు గోదావరి, ఖమ్మం, మళ్ళీ తూర్పు గోదావరి, అల్లూరి జిల్లా చిరునామాలతో నమోదవుతాడు. కేన్సరు రావడానికి అలవాటు మొదలైనాక సాధారణంగా రెండు మూడు దశాబ్దాలు పడుతుంది. ఆ వ్యవధి రెండు రాష్ట్రాల మీదుగా సాగితే పాత పట్టికలను కొత్త పట్టికలతో పోల్చడానికి ముందు గ్రామం గ్రామంగా సర్దుకోవాలి. దీనికి తోడు 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ వంటి పథకాల్లో చెల్లింపు చికిత్స ప్యాకేజీని బట్టి ఉంటుంది. ముంపు మండలాల వారికి కార్డు ఒక రాష్ట్రానిది, దగ్గరి ఆసుపత్రి ఇంకో రాష్ట్రానిది గనుక కొందరి ఫైలు రాజమండ్రి, కాకినాడ వైపు, కొందరిది ఖమ్మం, హైదరాబాదు వైపు మొదలవుతుంది.

ఆసుపత్రికి పోకుండా ఇంట్లోనే చనిపోయినవారి సంగతి వేరు. 1969 నాటి జనన మరణాల నమోదు చట్టం కింద ఆసుపత్రి మరణానికి ఫారం 4, ఇంటి మరణానికి చూసిన డాక్టరు ఇచ్చే ఫారం 4ఎ ఉన్నాయి. వాటిలో తక్షణ కారణం ఒక వరుసలో, దానికి దారితీసిన జబ్బు దాని కింది వరుసలో రాయాలి. గుండె ఆగిపోవడం వంటివి కారణాలు కావు, చనిపోయే తీరులు మాత్రమే, వాటిని రాయవద్దని ఫారమే చెబుతుంది. అడవి పల్లెలో ఈ పత్రం నింపే డాక్టరు తరచుగా ఉండడు. ఈ ఖాళీ నింపడానికి రిజిస్ట్రార్ జనరల్ కార్యాలయం నమూనా నమోదు వ్యవస్థలో 2001 నుంచి మిలియన్ డెత్ స్టడీ అనే పెద్ద అధ్యయనం సాగింది. దీనిలో సర్వేయరు ఇంటికి వెళ్ళి, చివరి రోజుల్లో ఏమేం కనిపించాయో కుటుంబం చెప్పిన మాటలను స్థానిక భాషలోనే కథనంగా రాసుకుంటాడు; ఇద్దరు డాక్టర్లు ఒకరికొకరు తెలియకుండా దాన్ని చదివి పదో సవరణ కోడ్ వేస్తారు, ఇద్దరికీ పొసగకపోతే మూడో డాక్టరు తేలుస్తాడు. ఈ పద్ధతితో 2012లో వెలువడిన లెక్క ప్రకారం 30 నుంచి 69 ఏళ్ళ మధ్య కేన్సరుతో చనిపోయిన భారతీయ పురుషుల్లో 42 శాతం, స్త్రీలలో 18.3 శాతం పొగాకు సంబంధిత కేన్సర్లతో పోయినవారు. కోడ్ గా మారకముందు ఆ కథనంలో, అంగిలి మీద పుండు ఎప్పుడు మొదలైందో, మనిషి చుట్టను ఏ వైపు నుంచి తాగేదో, రెండూ ఇంటి మాటల్లో ఉండగల వీలు ఉంది.

కోడ్ కూడా మారుతూనే ఉంది. 2019లో ఆమోదం పొంది 2022 జనవరి 1 నుంచి అమలులోకి వచ్చిన పదకొండో సవరణలో అంగిలి కేన్సరు సంఖ్య 2బి65. దానికి కారణాన్నీ ఇతర వివరాలనూ అదనపు సంకేతాలుగా తగిలించే ఏర్పాటు ఉంది. అదే ఏడాది ఏప్రిల్‌లో కూనవరం చిరునామా మరోసారి మారింది. క్షేత్రస్థాయిలో మాత్రం పని జరిగేది ఆశా కార్యకర్త చేతిలోని కాగితంతో. 30 ఏళ్ళు దాటిన ప్రతి ఒక్కరికీ ఆమె నింపే సి-బ్యాక్ పత్రంలో నోట్లో రెండు వారాలుగా మానని పుండు, తెల్లని లేదా ఎర్రని మచ్చ ఉన్నాయా, నోరు తెరవడం కష్టంగా ఉందా అన్న ప్రశ్నలున్నాయి. పొగాకు గురించి ఒకే ప్రశ్న ఉంటుంది: ఎప్పుడూ లేదు అంటే సున్న, ఒకప్పుడు లేక అప్పుడప్పుడు అంటే ఒకటి, రోజూ అంటే రెండు మార్కులు. పొగతాగడం, గుట్కా, ఖైనీ అన్నీ ఆ ఒక్క గీతలోనే ఇమిడిపోతాయి. రోజూ తునికాకు చుట్ట తాగే కొండరెడ్డి ముసలామెకైనా, రోజూ చుట్ట నిప్పు కొస లోపల పెట్టుకునే ఉత్తరాంధ్ర జాలరి ఇల్లాలికైనా పడేది రెండు మార్కులే.